భానుశ్రీ జీళ్ళు

పొద్దున్న ఎనిమిదయ్యేసరికి మల్లేశ్వరరావు గారు స్నానం, పూజ ముగించి, కాఫీ గ్లాసుతో వీధరుగు మీదికి వచ్చి కూర్చునేవారు. కూతురు భానుశ్రీ గుమ్మం దగ్గర కత్తిపీట వేసుకుని కూరలు తరుగుతూ ఉండేది. ఆయన రెండు గుక్కలు తాగాక బజారు వైపు చూస్తూ అడిగేవారు.

"ఈవేళ ఎక్కడిదాకా వెళ్ళిందమ్మా?"

భానుశ్రీ తరగడం ఆపి, నాలుకని అంగిట్లో ఒకసారి తిప్పి చూసుకునేది.

"తునిలో ఒకాయన టీ తాగుతూ తింటన్నాడు. యలమంచిలి బస్సులో ఇద్దరు. చోడవరంలో ఎవరో పిల్ల, పళ్ళు తోముకోకుండానే. విజయనగరం వైపు ఇంకా ఎవరూ మొదలెట్టలేదు."

"పళ్ళు తోముకోకుండానే," అని ఆయన తృప్తిగా తలూపి, మిగిలిన కాఫీ తాగేసి, నెహ్రూ చౌక్ దగ్గరున్న దుకాణానికి బయల్దేరేవారు.

వాళ్ళింట్లో ఈ మాట భానుశ్రీ చిన్నప్పటి నుంచీ జరుగుతున్నదే. అనకాపల్లి బెల్లం మార్కెట్లో నలుగురితో పాటు నారాయణా అని వ్యాపారం చేసుకునే మల్లేశ్వరరావు గారు, ఒక ఏడు మిగిలిపోయిన బెల్లాన్ని ఏం చెయ్యాలో తోచక, పెరట్లో రేకుల షెడ్డు వేసి జీళ్ళు చేయించడం మొదలుపెట్టారు. పాకాన్ని నూనె రాసిన బండ మీద పోసి, చెయ్యి ఓర్చుకునే వేడి ఉండగానే గోడకి కొట్టిన కొక్కేనికి వేసి లాగుతారు. లాగిన కొద్దీ నల్లటి ముద్ద బంగారు రంగుకి తిరుగుతుంది. ముక్కలు కోసి నువ్వుల్లో దొర్లిస్తారు. అవి ఎవరైనా చేసేవే. అందుకని ఆయన ప్యాకెట్టు మీద కూతురి బొమ్మ వేయించారు. రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు, కింద 'భానుశ్రీ జీళ్ళు, అనకాపల్లి' అని పసుపురంగు అక్షరాలు.

మొదటి ప్యాకెట్టు అమ్ముడైన రోజున భానుశ్రీ ఒకటో తరగతిలో ఉంది. నోట్లో ఉన్నట్టుండి తీపి పుట్టింది. నాలుక ఆడిస్తుంటే టీచరు చూసి, దగ్గరికి పిలిచి నోరు తెరవమంది. నోట్లో ఏమీ లేదు. తెరిచిన నోట్లోంచి వేయించిన నువ్వుల వాసన మాత్రం వచ్చింది. టీచరు కాసేపు ఆలోచించి, "మీ నాన్న సరుకు అమ్ముడవుతోందే. వెళ్ళి కూర్చో," అంది.

ఆ తరవాత ఎక్కడ ఎవరు ఆ జీడి నోట్లో వేసుకున్నా భానుశ్రీకి తెలిసేది. నాలుక ఎడమ అంచు విజయనగరం వైపు. కుడి అంచు తుని వైపు. మొదలు చోడవరం, మాడుగుల కొండల వైపు. కొస సముద్రం ఒడ్డున పూడిమడక. దగ్గరివాళ్ళ నోరు గట్టిగా తెలుస్తుంది, దూరం వాళ్ళది పలచగా. తింటున్నవాళ్ళ నోట్లో ఇంకేం ఉన్నా అదీ వస్తుంది, చుట్టపొగో, మామిడి టెంకో, జ్వరమో. కొట్లకి సరుకు వేసేవాళ్ళు ఆమెని అడిగే బయల్దేరేవారు. "నక్కపల్లి కొట్లో పాత సరుకు మెత్తబడిపోయింది, మార్చి రండి," అని చెబితే మార్చి వచ్చేవారు. నక్కపల్లి కొట్టువాడు ఎలా తెలిసిందని అడిగేవాడు కాదు.

పెళ్ళయి సాలూరు వెళ్ళినా ఆ నాలుక అలాగే ఉంది. భర్త త్రినాధరావుకి అక్కడ మందుల షాపు. కౌంటరు మీద గాజు సీసాలో మామగారి జీళ్ళు పెట్టుకునేవాడు. మధ్యాహ్నం షాపు కట్టేసే ముందు ఒకటి నోట్లో వేసుకునేవాడు. ఆమెకి తెలిసేది, లేచి కంచం పెట్టేది. అతను గుమ్మం ఎక్కేసరికి అన్నం వడ్డించి ఉండేది. ఇద్దరూ ఈ సంగతి ఎప్పుడూ మాట్లాడుకోలేదు. అలా పదకొండేళ్ళు గడిచాక, ఒక మధ్యాహ్నం షాపులో కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే గుండె ఆగి పోయాడు. పిల్లలు లేరు. పుట్టింట్లో తల్లి కూడా అప్పటికే లేదు. తండ్రి వెళ్ళి ఆమెని తీసుకొచ్చేశారు.

అప్పట్నించీ భానుశ్రీకి తను తినేది ఏదీ రుచి తెలియడం మానేసింది. పచ్చిమిరపకాయ కొరికితే నోరు మండేది, అంతే. ఉప్పు వేశానో లేదో తండ్రి మొహం చూసి తెలుసుకునేది. పరాయి నోళ్ళు మాత్రం మునుపటిలాగే వచ్చిపోయేవి. ఆమె వాటిని రేడియోలో వాతావరణం చెప్పినట్టు పొద్దున్నే తండ్రికి చెప్పి, మిగతా రోజంతా ఇంటిపని చేసుకునేది. ఎవరేం అడిగినా సరే అనేది. గుడికి వెళ్దామంటే సరే. వద్దులే అంటే సరే. అలా మూడేళ్ళు నడిచాయి.

2006లో హైదరాబాదు నుంచి ఒక తినుబండారాల కంపెనీ మనిషి వచ్చాడు. పేరు అరుణ్ కుమార్. ఊరూరా పేరున్న సరుకులు కొని, వాటిని పెద్ద ఎత్తున మిషన్ల మీద తయారుచేసి, రాష్ట్రమంతా అమ్మే ఆలోచనలో ఉంది ఆ కంపెనీ.

"మా జీళ్ళు తెలియనివాళ్ళు ఆంధ్రాలో ఉండరండి," అన్నారు మల్లేశ్వరరావు గారు.

"మంచిదండి. మేం ఒకసారి కనుక్కుంటాం."

"కనుక్కోవడం దేనికండి. మా అమ్మాయి చెబుతుంది."

అరుణ్ కుమార్ భానుశ్రీ వైపు తిరిగి మర్యాదగా తలూపాడు. "మేడమ్‌కి తెలుస్తుందని మార్కెట్లో చెప్పారండి. కానీ మేడమ్‌కి తినేవాళ్ళే తెలుస్తారు. తిననివాళ్ళ సంగతి మాక్కావాలి."

అది నిజమే అనుకుంది భానుశ్రీ. తండ్రి ఇన్నేళ్ళలో ఎంత దూరం వెళ్ళిందని అడిగారు గాని, ఎక్కడ ఆగిపోయిందని ఎప్పుడూ అడగలేదు.

కంపెనీ వాళ్ళు కొందరు అమ్మాయిల్ని పెట్టి రాజమండ్రిలో, విజయవాడలో, హైదరాబాదులో బజార్లలో నిలబెట్టి, ప్యాకెట్టు చూపించి అడిగించారు. దసరాలు వెళ్ళాక అరుణ్ కుమార్ మళ్ళీ వచ్చి, అరుగు మీద కూర్చుని, మంచినీళ్ళు తాగి, నెమ్మదిగా చెప్పాడు.

"ఇటు తుని, అటు విజయనగరం. అంతేనండి. రాజమండ్రిలో చిన్నపిల్లల కడుపునొప్పి మందా అన్నారు. హైదరాబాదులో సబ్బు అనుకున్నారు."

మల్లేశ్వరరావు గారు ఖాళీ గ్లాసు అందుకుని పక్కన పెట్టారు.

"మీ వైపు కూడా చాలామందికి పేరు తెలీదండి. కొట్టుకి వెళ్ళి పాప బొమ్మ ప్యాకెట్టు ఇమ్మంటారు. అనకాపల్లి బెల్లం అంటే మాత్రం అంతటా తెలుసు."

"బెల్లం తెలుసు," అన్నారు ఆయన.

"ఐనా మా వాళ్ళకి పేరు నచ్చింది, పాప బొమ్మ నచ్చింది. మేం తీసుకుంటే ఏడాది తిరిగేసరికి రాష్ట్రంలో ప్రతి కొట్లో ఉంటుంది. పేరు మేడమ్ మీద రిజిస్టరయి ఉంది కాబట్టి సంతకం మేడమ్ పెట్టాలి."

అతను వెళ్ళిపోయాక తండ్రీ కూతుళ్ళు చాలాసేపు అరుగు మీదే ఉన్నారు. మల్లేశ్వరరావు గారు కండువాతో మొహం తుడుచుకుని, "తునితో ఆగిపోయిందా," అన్నారు. అడిగినట్టు లేదు. మళ్ళీ ఆయనే, "ఇచ్చేద్దామమ్మా. మన వల్ల కాలేదు. వాళ్ళైనా నీ పేరు హైదరాబాదు దాకా తీసుకెళ్తారు. రాష్ట్రమంతా తింటే నీ నోరు తట్టుకుంటుందా?" అని అడిగారు.

"ఏదో ఒకటి నాన్నా."

"పెడతావా సంతకం?"

"సరే."

కాగితాలు తయారై రావడానికి కొన్నాళ్ళు పడుతుందన్నారు. ఈలోగా వాయుగుండం పట్టింది. శారదా నది ఒడ్డు దాటింది, మార్కెట్ యార్డులో బెల్లం దిమ్మలు చెమర్చి కారిపోయాయి, కరెంటు పోయింది. పూడిమడక నుంచి వేటకి వెళ్ళిన పడవలు ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. ఒకటి మాత్రం రాలేదు. అందులో ఇద్దరున్నారు. పడవ పరదేశిది, ఆయనకి అరవై దాటాయి. తోడు వెళ్ళినవాడు వరదానం, ముప్ఫై ఏళ్ళవాడు. ఊరివాళ్ళు వాన తెరిపియ్యగానే పడవలేసుకుని భీమిలి వైపు వెతికారు. వాళ్ళు వేటకి వెళ్ళిన రోజున నీటి పోటు అటే లాగుతోంది. వెతికి వెతికి ఉత్త చేతులతో వచ్చేశారు.

ఆ రోజు మధ్యాహ్నం భానుశ్రీ బియ్యం ఏరుతోంది. నాలుక కొస మీద ఏదో తగిలింది. అక్కడ పూడిమడక ఉంది, అది ఎప్పుడూ తెలిసేదే. ఇది దానికి అవతల. అవతల ఇన్నేళ్ళలో ఎన్నడూ ఏమీ తెలియలేదు. పలచటి తీపి, ఉప్పు, ఇంజను నూనె కంపు, కొంచెం నెత్తురు. ఎండిపోయి బంక పట్టిన నోరు. జీడి చప్పరించడానికి కూడా తడి లేదు. ఆమె చేటని పక్కన పెట్టి తండ్రి వచ్చేదాకా అలాగే కూర్చుంది.

"సముద్రంలో ఎవరో తింటన్నారు నాన్నా."

మల్లేశ్వరరావు గారు వచ్చినవారు వచ్చినట్టే చెప్పులు వేసుకుని పూడిమడక ఆటో ఎక్కారు.

సాయంకాలానికి ఆయనతో పాటు ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారు. ఒకామె పరదేశి భార్య మరిడమ్మ. రెండోది వరదానం భార్య సుజి, రోజూ అనకాపల్లి బజారులో చేపల గంప దించుకునే మనిషే. జీళ్ళ ప్యాకెట్టు పడవలోకి ఎలా వెళ్ళిందో ఆమే చెప్పింది.

"శనివారం శనివారం పిల్లకి కొనుక్కెల్తానమ్మా. ఆయన అన్నం సంచిలో ఒకటి ఏసేను. వత్తా వత్తా తింటాడని."

"ఇప్పుడు తింటన్నాడా?" అంది మరిడమ్మ.

భానుశ్రీ నాలుక తిప్పి చూసుకుంది. "ఇందాక తిన్నారు. ఇప్పుడు లేదు."

"ఎంత దూరం?" అన్నారు మల్లేశ్వరరావు గారు.

"బాగా దూరం. కొస నుంచి కుడి వైపుకి జరిగింది."

కుడి వైపంటే తుని వైపు. అందరూ భీమిలి వైపు వెతుకుతుంటే పడవ కిందికి కొట్టుకుపోతోంది. ఆ మాట ఫోనులో పూడిమడక చేరింది. తెల్లవారకుండానే పడవలు దక్షిణం తిరిగాయి.

ఆడవాళ్ళిద్దరూ ఇంటికి వెళ్ళలేదు. అరుగు మీదే ఉండిపోయారు. భానుశ్రీ చాప వేసింది, అన్నం పెట్టింది. మర్నాడు పొద్దున్న తండ్రి కాఫీ గ్లాసు పట్టుకుని వచ్చి కూర్చున్నారు గాని తాగలేదు. ఇన్నేళ్ళూ దూరం అంటే మొహం విప్పారిన మనిషి, ఆవేళ "ఏమైనా దగ్గరయిందా?" అని అడిగారు.

"లేదు నాన్నా. ఇంకా దూరమే. తుని దాటి, ఉప్పాడకి ఎదురుగా ఉంటుంది."

ఆయన లేచి లోపలికి వెళ్ళి ఫోను అందుకున్నారు.

ఆ పూట ఇంకో జీడి నోట్లో పడింది. ఈసారి భానుశ్రీ కళ్ళు మూసుకుని పూర్తిగా చూసింది. ఇద్దరు కాదు. ఒక్క నోరే. ఎడమ పక్క దవడలో పన్ను లేదు. పాకం వెళ్ళి ఆ సందులో అతుక్కుంటోంది, నాలుకతో తీసుకోవడానికి కష్టపడుతున్నారు.

చాప మీద ఆడవాళ్ళు మాట్లాడుకుంటున్నారు. మాట్లాడకుండా కూర్చోలేక ఏదో ఒకటి.

"మా ముసిలోడు ఎలా తింటన్నాడో," అంటోంది మరిడమ్మ. "ఎడంపక్క దవడ పన్ను ఊడిపోయి రెండేళ్ళయింది. బెల్లం ముక్క కూడా నానబెట్టి ఇత్తాను."

"ఈయన సెరుకు గడ పంటితోనే ఒలిసేత్తాడప్పా," అంది సుజి. "సిన్నపిల్లడి లాగ."

భానుశ్రీ చేతిలో గరిటె అలాగే పట్టుకుని నిలబడింది. సుజి తలెత్తి చూసింది.

"అమ్మా, తింటన్నాడా?"

"తింటన్నారు," అంది భానుశ్రీ.

ఆ మాట ఒక్కరికీ సరిపోతుంది, ఇద్దరికీ సరిపోతుంది. మరిడమ్మ మొగుడి గురించే అనుకుంది. సుజి తన మొగుడి గురించే అనుకుంది. ఇద్దరూ ఒకేసారి ఊపిరి వదిలారు. భానుశ్రీ సుజి కంచంలో ఇంకో గరిటె అన్నం వేసింది, పప్పు వేసింది. ఆ పిల్ల కళ్ళలోకి చూడలేక కంచం వైపే చూస్తూ వడ్డించింది. సుజి అదంతా తినేసింది. మరిడమ్మకి అడగను కూడా అడగలేదు, ఆమె మొగుడు బతికే ఉన్నాడు కదా అనుకుంది.

మధ్యాహ్నం సుజి లేచి, "సర్చికెల్లి ఒత్తానమ్మా, పాస్టర్ గారు ప్రార్దన పెట్టేరు," అని వెళ్ళింది. మరిడమ్మ కాళ్ళు చాపుకుని గోడకి ఆనుకుంది.

"నీకు నిజం తెలుసు గదమ్మా," అంది.

భానుశ్రీ ఎంగిలి కంచాలు ఒకదాని మీద ఒకటి పేర్చింది.

"ఇందాక నువ్వు ఆ పిల్లకి మారు వడ్డించేవు. నాకు వడ్డించలేదు. మరింకేటి సెప్పక్కర్లేదు." కాసేపాగి, "దానికి సిన్న పిల్లుంది. సిరి అని. నాలుగేళ్ళు," అంది. మొగుడు బతికున్నాడని తెలిసిన సంతోషాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, ఆమె కొంగు ముడి విప్పి మళ్ళీ కట్టుకుంది.

ఆ తరవాతి పొద్దున పూడిమడక నుంచి ఫోను వచ్చింది. ఉప్పాడకి ఎదురుగా, బాగా లోపల, పడవ దొరికింది. మల్లేశ్వరరావు గారు ఫోను చెవి దగ్గర పెట్టుకుని చాలాసేపు విన్నారు. తరవాత అరుగు మీదికి వచ్చారు. ఎవరి వైపు చూసి చెప్పాలో ఆయనకి తెలియలేదు.

"వరదానం బతికే ఉన్నాడు," అన్నారు.

సుజి లేచి నిలబడి, మళ్ళీ కూర్చుంది. మరిడమ్మ ఆయన మొహం వైపే చూస్తోంది. ఆయన తల దించుకున్నారు. ఆమె తలూపింది. సరే, అర్థమయింది అన్నట్టు, మెల్లగా, రెండు మూడుసార్లు.

ఆసుపత్రిలో వరదానం చెప్పిన సంగతి సుజి ద్వారా తెలిసింది. మొదటి రోజు గాలికి తెరచాప వాసం విరిగి వచ్చి అతని దవడకి తగిలింది. ఎడమ పక్క పన్ను ఒకటి అక్కడే ఊడిపోయింది. పరదేశి తడిగుడ్డతో అతని మొహం తుడిచి, సంచిలో అన్నం అయిపోయాక ప్యాకెట్టు విప్పి, ఒక జీడి అతని నోట్లో పెట్టాడు. మర్నాడూ పెట్టాడు. "మామా, నువ్వొకటి తిను," అంటే, "నాకు పళ్ళకి అంటుకుపోద్దిరా, నువ్వు తిను," అన్నాడట. ప్రతిసారీ అదే మాట. నీళ్ళు కూడా అలాగే చేశాడని తరవాత తెలిసింది. పడవలు కనబడడానికి ముందు రోజు సాయంత్రం కూర్చున్న చోటే పక్కకి ఒరిగిపోయాడు.

భానుశ్రీ ఇదంతా విని, వంటింట్లోకి వెళ్ళి పాలు పొంగకుండా చూసుకుంది. ఒక్క నోరే ఎందుకు తెలిసిందో ఇప్పుడు అర్థమయింది. అర్థమవడం తప్ప లోపల ఇంకేమీ కదల్లేదు. పాలు దించి, మూత పెట్టి, తరవాతి పనికి వెళ్ళింది.

కార్తీకమాసం సగం గడిచాక కంపెనీ కాగితాలు వచ్చాయి. అరుణ్ కుమార్ స్వయంగా తెచ్చాడు. హాల్లో బల్ల మీద కాగితాలు పరిచి, సంతకం పెట్టాల్సిన చోట పెన్సిలుతో గుర్తులు పెడుతున్నాడు. మల్లేశ్వరరావు గారు కళ్ళజోడు తుడుచుకుంటున్నారు. ఆ వేళకి మరిడమ్మ వచ్చింది. చేతులకి గాజులు లేవు. అరుగు మీదే నిలబడి పిలిచింది.

"భానమ్మా. ఒక జీడి ఇత్తావా?"

భానుశ్రీ షెడ్డులోకి వెళ్ళి, ఇంకా ప్యాకెట్టు కట్టని జీళ్ళు గుప్పెడు తెచ్చి ఆమె చేతిలో పెట్టింది.

"ఆయన తినలేదు గదా," అంది మరిడమ్మ. "నేను తిందారని వచ్చేను. ఎలాగుంటాదో నాకు తెలీదు. ఎప్పుడూ పిల్లలకి పెట్టడవే గాని."

ఒకటి తీసి నోట్లో వేసుకుని, అరుగు అంచున కూర్చుని, మెల్లగా చప్పరించడం మొదలుపెట్టింది. భానుశ్రీ ఆమె ఎదురుగా నిలబడింది. ఇంత దగ్గర నోరైతే గట్టిగా తెలియాలి. ఆమె ఎదురుచూసింది. ఏమీ రాలేదు. నువ్వులు లేవు, పాకం లేదు, ఉప్పు లేదు, చేదు లేదు. ఉన్నది మెత్తగా, జిగటగా కదులుతున్న ఒక వస్తువు, దాని చుట్టూ ఏ రుచీ లేని నోరు. మూడేళ్ళుగా తను మోస్తున్న నోరే అది. ఇంకొకరి దగ్గర ఉంటుందని ఆమెకి ఎప్పుడూ తట్టలేదు.

"ఎలా ఉంది?" అని అడిగింది.

"బావుందమ్మా," అంది మరిడమ్మ మర్యాదకి.

"ఏమీ తెలీడం లేదు కదా."

మరిడమ్మ చప్పరించడం ఆపి ఆమె వైపు చూసింది. "తెలీడం లేదు," అంది. "అన్నవూ తెలీడం లేదు. ఎవులికీ సెప్పలేదు. నీకెలా తెలిసిందని అడగను గాని."

భానుశ్రీ వెళ్ళి ఆమె పక్కన కూర్చుంది. ఇద్దరూ బజారు వైపు చూస్తూ ఉండిపోయారు. బెల్లం దిమ్మలేసుకున్న రిక్షాలు పోతున్నాయి. లోపల్నించి తండ్రి పిలిచారు. మళ్ళీ పిలిచారు. మరిడమ్మ లేవబోతే, "వచ్చే వారం రా," అంది భానుశ్రీ. "ఇక్కడ కూర్చునే తిను."

"దేనికమ్మా?"

"నేను చూస్తాను."

లోపలికి వెళ్ళేసరికి అరుణ్ కుమార్ కలం మూత తీసి పట్టుకుని ఉన్నాడు.

"వద్దు నాన్నా," అంది భానుశ్రీ.

మల్లేశ్వరరావు గారికి మొదట అర్థం కాలేదు. ఈ ఇంటికి తిరిగొచ్చాక ఆ పిల్ల నోట ఆ మాట ఆయన వినలేదు. "ఏటమ్మా వద్దు?" అన్నారు.

"సంతకం. పేరు మన దగ్గరే ఉండనీ."

"మేడమ్, ఆలోచించండి. రాష్ట్రంలో అందరికీ తెలుస్తుంది," అన్నాడు అరుణ్ కుమార్.

"అందరూ తింటే నాకు ఎవరూ తెలియరండి," అంది ఆమె. "తునిలో ఒక్కాయన తింటే ఆయన టీ కూడా నాకు తెలుస్తుంది. సముద్రంలో ఒక్క నోరు దొరికిందంటే మిగతా నోళ్ళు కొద్ది కాబట్టి. మీరు ఊరూరా పంచేస్తే సంతలో మాట విన్నట్టుంటుంది నాకు. ఇప్పుడు నేనొక మనిషి నోరు చూడాల్సి ఉంది."

అరుణ్ కుమార్ కలం మూత పెట్టేశాడు. మీ కంపెనీ వాళ్ళకి ఏం చెబుతారని మల్లేశ్వరరావు గారు అడిగితే, "మేడమ్‌కి పని ఉందని చెబుతానండి," అన్నాడు. కాగితాలు సర్దుకుని, రెండు ప్యాకెట్లు కొనుక్కుని, సాయంత్రం రైలుకి వెళ్ళిపోయాడు.

తండ్రి ఆ రాత్రి భోజనాల దగ్గర ఒక్క మాటే అన్నారు. "తుని ఏమంత దగ్గరా కాదులే."

మరిడమ్మ వారం వారం వచ్చేది. ఎండుచేపల గంప బజారులో అమ్మి, ఖాళీ గంప అరుగు కింద పెట్టి, కూర్చుని ఒక జీడి తినేది. భానుశ్రీ పక్కన కూర్చునేది. కొన్నిసార్లు సుజి గురించి, వరదానం మళ్ళీ వేటకి వెళ్ళడం గురించి చెప్పేది. పరదేశి పడవని ఇప్పుడతనే నడుపుతున్నాడు, వచ్చినదాంట్లో వాటా ముందు ఈమె గుమ్మంలో పెట్టి వెళ్తున్నాడు. కొన్నిసార్లు ఏమీ మాట్లాడేది కాదు. ప్రతిసారీ అదే నోరు, ఏమీ లేని నోరు. సంక్రాంతి వెళ్ళింది, శివరాత్రి వెళ్ళింది. కొత్త అమావాస్య జాతర రద్దీలో సరుకు చాలక షెడ్డులో ఇంకో కొక్కెం కొట్టారు.

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం మరిడమ్మ వచ్చి, చెమట తుడుచుకుని, జీడి నోట్లో వేసుకుని, మంచినీళ్ళ ధర ఎలా పెరిగిపోయిందో చెప్పడం మొదలుపెట్టింది. సీసా నీళ్ళట, కొనుక్కోవాలట, సముద్రం పక్కనుండి నీళ్ళు కొనుక్కోవడమేమిటట. భానుశ్రీ వింటోంది. వింటూ ఉండగా నాలుక మధ్యలో, ఎక్కడో బాగా లోపల, చిన్న తడి మెరిసింది. నువ్వు గింజ ఒకటి మరిడమ్మ పంటి కింద నలిగింది. దాని వెనకే తీపి, చాలా కొంచెం, ఉందో లేదో అన్నంత. ఆమె ఊపిరి బిగబట్టి చూసింది. ఉంది.

"మరిడమ్మా," అంది. "తీపి తగిలింది."

మరిడమ్మ మాట ఆపి, నోట్లో ఉన్నదాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. చాలాసేపు చూసుకుంది.

"నాకేటీ తెలీనేదమ్మా," అంది.

"నాకు తెలిసింది."

మరిడమ్మ ఆమెని చూసింది. కొంగుతో నోరు తుడుచుకోబోయి, మానేసి, చెయ్యి చాపింది. "ఐతే ఇంకోటియ్యి," అంది.